జీవమ్మకు దొరికిన గడువు

ఊపిరిని మెల్లగా వదలడం పాపమా, సోదరా? మట్టిబొమ్మ ముక్కులో దాన్ని ఊదింది దేవుడు కాదా?

రుద్రవరంలో ప్రార్థన మధ్యలో జీవమ్మకు ఆయాసం ముంచుకొచ్చింది. పెదాలు నీలమయ్యాయి. చావుభయంతో ఆమె తన కోడలు సలోమి చేతిని పట్టుకుంది. సలోమి నంద్యాలలో యోగా నేర్చుకున్న పిల్ల.

"అత్తా, నిటారుగా కూర్చో. ముక్కుతో పీల్చి, పెదాలు ముడిచి మెల్లగా ఊదు."

"ఏందే, అది యోగా గదా! పాపం తగులుతాది."

"ఊపిరి పీల్చేది పాపమైతే పుట్టినకాడ్నుంచి చేస్తాండావు. ఊదు!"

జీవమ్మ పెదాలు ముడిచి ఊదింది. గాలి ఆడింది. ఆసుపత్రికని పిలిపించిన ఆటో వాకిట్లో వచ్చి ఆగింది.

"దేవుడు బాగుచేసినాడు. ఆటో వద్దులే."

అప్పుడు సలోమికి ఏడుపొచ్చింది. "ఇది నయమైనట్టు కాదత్తా! ఆళ్లగడ్డ ఆసుపత్రి చేరేదాకా దేవుడిచ్చిన గడువు. బేగా ఎక్కు!"

సోదరా, ఊపిరి కుదుటపడిందని కూర్చున్నావా? లే! ఈరోజే, ఇప్పుడే డాక్టరు దగ్గరకు పో!