మూడో పేజీలో ముసలామె

"ఆ పిల్ల మూతి ముడుసుకునేటోణ్ణే చేసుకుంటది. మెత్తగ మాట్లాడెటోడు ఆఖరికి సస్తడు," బీడీ చుడుతూ అంది నానమ్మ ఈరవ్వ.

సుధారాణికి మండిపోయింది. నానమ్మకు చదివి వినిపిస్తున్నది తను రాసిన నవల. నల్లాలకు సర్కారే తాళాలేసిన రేపటి నగరం, తిరగబడే పిల్ల, ఆమె కోసం ఇద్దరు పోరగాళ్లు. రేపే పోటీకి పంపాలి. ఇంకా సగం కూడా చదవలేదు.

"నీకెట్ల తెలుసు అవ్వా?"

"గండ్ల తెల్వనిదేమున్నది? కామారెడ్డి లైబ్రరీకెల్లి తెచ్చి నాకు సదివి ఇనిపించినవు గద, ఆ మూడు బుక్కులల్ల గిదే కత. సర్కారును కూలగొట్టే పిల్లకు, ఇద్దర్ల ఎవడో తేల్చుకోనీకి మూడొందల పేజీలా? థూ!"

"ప్రేమ లేకుంటే ఎవరు సదువుతరు?"

ఈరవ్వ చేతులు ఆగాయి.

"మూడో పేజీల బిందె పట్టుకొని నల్లా కాడ నిలబడ్డ ముసల్దానికి నీళ్లు దొరికినయా?"

సుధారాణి చివరిదాకా పేజీలు తిప్పింది. సర్కారు కూలింది. వానలో ముద్దు ఉంది. ముసలామె మళ్లీ ఎక్కడా లేదు.

"రాయలే అవ్వా."

"మరి సర్కారును ఎందుకు కూలగొట్టినవే?" అని ఈరవ్వ ఇంకో ఆకు అందుకుంది.