దాజీపేటలో సముద్రం పోయింది

పెళ్లి పది రోజులుందనగా నర్సప్ప ఇంట్లో సముద్రం పోయింది. నాలుగు రోజులు తిరక్కుండానే పడవ కూడా పోయింది.

షోలాపూర్‌లో సముద్రమేమిటని అడగకండి. దాజీపేట పద్మశాలీలు లేనిదాన్ని నేసి చూపించగలరు. నర్సప్ప ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆడపిల్ల పెళ్లిలో వధూవరుల మధ్య పట్టే అడ్డుతెరను తండ్రే సొంత మగ్గం మీద నెయ్యాలి. తెర మీద పెళ్లి బొమ్మ, అంచులో ఇద్దరి పేర్లు పడాలి. ఆ తెర లేకపోతే ముహూర్తం లేదు.

నర్సప్ప కూతురు లలితకు పెళ్లికొడుకు ఎవరన్నది ఆమె పాలు తాగే వయసులోనే ఖాయమైపోయింది. తల్లి పోయిన ఆ పసిదాన్ని మేనత్త యల్లమ్మ ఐదేళ్లు వచ్చేదాకా గుండెల మీద పెట్టుకుని పెంచింది. "నీ కొడుక్కే ఇస్త అక్కా" అని నర్సప్ప అప్పుడే మాటిచ్చాడు. ఇచ్చిన మాట తప్పడం ఆయన వల్ల కాదు. పైగా యల్లమ్మకు ఎదురు చెప్పగల మగవాడు భివండీ నుంచి షోలాపూర్ దాకా ఇంకా పుట్టలేదు.

యల్లమ్మ ఉండేది బొంబాయి పక్కన భివండీలో. బొంబాయి షావుకార్లు సముద్రపు ఒడ్డున ఇసుకలో పెళ్లిళ్లు చేస్తున్నారని ఎవరో చెప్పారు. మనకెలాగూ ఆ యోగం లేదు, తెర మీదైనా ఇసుక ఒడ్డు ఉండాల్సిందేనని జాబు రాయించింది. లలితేమో పడవ మీద పెళ్లి బొమ్మ కావాలని పట్టుబట్టింది. అత్తాకోడళ్లు పెళ్లి కాకముందే మొదలుపెట్టారు. నర్సప్ప ఎటూ తేల్చలేదు. రెండూ బాగున్నాయి, రెండింటికీ అట్టలు కొట్టించి అప్పుడు చూద్దామన్నాడు.

మగ్గం మీద బొమ్మ రావాలంటే ముందు వందల అట్టలకు లెక్క తప్పకుండా చిల్లులు కొట్టాలి; ఆ చిల్లులను బట్టే దారాలు లేచి బొమ్మ పడుతుంది. ఆ పని పేటలోని కుర్రాడు కిష్టయ్యది. వయసులో ఉండగా నర్సప్ప కూడా చేశాడు గానీ చూపు తగ్గి మానేశాడు. కిష్టయ్య నెలన్నర పాటు రోజూ వచ్చాడు. ఒక్క అల గీసి చూపించడానికి రెండు గంటలు కూర్చునేవాడు. తెడ్డు ఎటు వంగాలో లలిత రోజుకో మాట చెప్పేది. పేటంతా చూసి ముసిముసిగా నవ్వుకుంది. నర్సప్పకు చూపు తగ్గిందని చెప్పాను కదా.

ఒడ్డు అట్టల కట్ట మాయమైన రోజు ఆయన వేసిన కేకకు పక్కింటివాళ్లు పవర్‌లూమ్‌లు ఆపి మరీ వచ్చారు. పడవ కట్ట కూడా పోయేసరికి ఇంకా మండిపోయాడు. వెనక గదిలో తలుపేసుకుని పాత చేతిమగ్గం మీద రెండు రోజులు తువ్వాళ్లు నేస్తున్నానంటూ కూర్చున్నాడు. కోపానికి ఆయన దగ్గర ఉన్న మందు అదొక్కటే.

కబురు విని యల్లమ్మ రైలు దిగింది. దిగీ దిగగానే కిష్టయ్యను పిలిపించి నిలబెట్టింది. పోలీసులకు చెబుదామంది. నర్సప్ప వద్దన్నాడు. ముందు ఇల్లు వెతకమన్నాడు, అదీ తన బిడ్డ పెట్టెతోనే మొదలుపెట్టమన్నాడు. కూతురని వెనకేసుకొచ్చాడన్న మాట తనకొద్దన్నాడు.

యల్లమ్మ పెట్టె తెరిచింది. చీరల కింద రెండు కట్టలూ ఉన్నాయి.

లలిత మొహం పాలిపోయింది.

"నేనే పెట్టిన" అన్నాడు కిష్టయ్య.

"ఆయన గాదత్తా. నేనే దాచిన" అంది లలిత.

యల్లమ్మ వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది. పెట్టె మూత మెల్లగా వేసింది. ఆమెకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఇది చోరీ గాదు తమ్మీ. నీ బిడ్డకు నా కొడుకు వద్దు. గంతే."

నర్సప్ప అక్క కాళ్ల మీద పడ్డాడు. "ఇది ఒప్పుకోకపోతే ఒప్పిస్త. నన్ను మాట తప్పినోణ్ని చెయ్యకు అక్కా."

"నువ్వేడ తప్పినవ్‌రా? నీ మాట నేనే వాపస్ ఇస్తున్న. పిల్లను ఈనికే ఇయ్యి. పెట్టుకున్న ముహూర్తం చెడగొట్టకు."

పెంచిన చెయ్యి కదా, బాధ ఉండదా. వెళ్లేటప్పుడు లలిత తల మీద ఆ చేత్తోనే ఒకటి మొట్టింది. "నోరున్నది గదనే. అడగొచ్చు గద" అంది.

నర్సప్ప అక్కను స్టేషన్‌లో బండెక్కించడానికి వెళ్లాడు. ఇంట్లో మిగిలింది ఇద్దరే. పోయి పోయి నా పెట్టెలోనే ఎందుకు పెట్టావని లలిత కసిరింది. కిష్టయ్య తెల్లబోయాడు. తాను పెట్టలేదని, ఆమె దాచిందనుకుని నేరం మీద వేసుకున్నానని చెప్పాడు. లలిత కూడా అందుకే ఒప్పుకుంది. మరి పెట్టిందెవరో ఇద్దరికీ తోచలేదు.

అంతలో నర్సప్ప వచ్చాడు. నేరుగా వెనక గదిలోకి వెళ్లి, మడతపెట్టిన కొత్త బట్ట ఒకటి తెచ్చి మంచం మీద విప్పాడు. కింద ఇసుక ఒడ్డు, ఒడ్డుకు చేరిన పడవ. ఇసుకలో పెళ్లికూతురు నిలబడి ఉంది. పెళ్లికొడుకు పడవ దిగుతున్నాడు.

"కిష్టయ్యా, ఆ కొస పట్టు" అన్నాడు నర్సప్ప, కళ్లజోడు తుడుచుకుంటూ. "ఇరవై ఏండ్లకు మల్ల అట్టలు కొట్టిన. అంచుల లలిత పక్కన నీ పేరు సక్కగ పడ్డదో లేదో చూడు."