నీళ్లు లేని ఫోటో

"చెరువు వద్దు బిడ్డా. ఇంకేమన్న చూపెట్టు," అన్నాడు ఆ పెద్దమనిషి.

స్తుతికి చురుక్కుమంది.

ఇబ్రహీంపట్నం బస్ డిపో పక్క సందులో ఆమె పెట్టుకున్న చిన్న షాపులో గోడల నిండా ఉన్నది చెరువే. మంచులో చెరువు, అలుగు పారుతున్న చెరువు, కొంగలు లేస్తున్న చెరువు.

పెండ్లి ఫోటోలు మానేసి, గుట్టలూ చెట్లూ నీళ్లూ తీసి, ఫ్రేములు కట్టి అమ్ముకుని బతుకుతానని ఇంట్లో కొట్లాడి మరీ తెరిచిన షాపు అది. మూడేండ్లయినా నిలదొక్కుకోలేదు. ఈ ఎండాకాలం దాటితే మూసేసి మళ్లీ పెండ్లిండ్లకు పోవాల్సి వస్తుందేమోనని లోపల గుబులు.

అందుకే కోపాన్ని మింగి, గుట్ట వెనక పొద్దు గూకుతున్న ఫోటో తీసి చూపింది. ఆయన అదీ వద్దన్నాడు.

పేరు బాలనర్సింహ అని చెప్పాడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. ఊళ్లోని ఒక దవాఖానలో గదికి పెద్ద ఫోటో కావాలట. గోడ కొలతకు తెంపుకొచ్చిన దారం జేబులోంచి తీసి బల్ల మీద పరిచాడు.

దవాఖానకు సామాన్లు కొనే మనిషి కాబోలనుకుంది స్తుతి.

"మరి ఎట్లాంటిది గావాలె సార్?"

"నీళ్లు ఉండొద్దు. పొద్దు గూకేది ఉండొద్దు. నడిచి పోనీకె ఒక తొవ్వ ఉండాలె. జర జల్ది గావాలె."

ఎందుకని ఆమె అడగలేదు. ఆయన బేరమాడకుండా మొత్తం ముందే ఇచ్చి వెళ్లిపోయాడు.

ఫోటోల గురించి ఏమీ తెలియని మనిషి అనుకుంది.

అదే వారం ఒక ప్లాట్ల వెంచర్ వాళ్లు బ్రోచర్ కోసం ఫోటోలు అడిగారు. బీడు భూమి పచ్చగా కనబడాలన్నారు. స్తుతి ఆ పనిలో పడిపోయింది.

బాలనర్సింహ రెండుసార్లు ఫోన్ చేసి, అయిందా అని అడిగాడు. రెండుసార్లూ అయితది సార్ అంది. గొంతులో విసుగు దాచుకోలేదు. ఆయన అది పట్టించుకోలేదు.

"మంచిగ తియ్యి బిడ్డా. రోజూ చూసేటోళ్లు ఉంటరు," అన్నాడు.

ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి.

వెంచర్ వాళ్లు చివరికి కంప్యూటర్‌లో చేసిన బొమ్మలు చాలనుకున్నారు. స్తుతి చేతిలో మిగిలింది ఆ ఒక్క ఆర్డరే.

ఒకరోజు తెల్లవారుతుండగా స్కూటీ తీసి, చెరువు కట్టకు వీపు తిప్పి, గుట్టల వైపు పోయింది. ఇన్నాళ్లలో ఆమె అటు కెమెరా తిప్పింది లేదు. నీళ్లు లేకుంటే ఫోటోలో ఏముంటుందని ఆమె అనుకునేది.

సీతాఫలం చెట్ల నడుమ, మేకలు తిరిగి తిరిగి అరిగిన ఎర్రమట్టి తొవ్వ కనబడింది. తొలి ఎండ బండల మీద పడుతోంది. తొవ్వ మెల్లగా గుట్టెక్కి అవతలికి మళ్లింది.

చాలాసేపు కెమెరా ఎత్తకుండా ఊరికే చూస్తూ నిలబడింది.

తీశాక ఆమెకే అర్థమైంది, ఇంతవరకు తాను తీసినవాటిలో ఇదే మంచిదని.

ఫ్రేము కట్టించి, ఆటోలో వేసుకుని దవాఖానకు పోయింది. బాలనర్సింహ సార్ చెప్పిన ఫోటో అనగానే ఆయా సత్తమ్మ మేడ మీది గదికి తీసుకుపోయింది.

కిడ్నీలు పాడైనవాళ్లకు మిషన్‌తో రక్తం శుభ్రం చేసే గది అది. మంచాల మీద మనుషులు, చేతులకు గొట్టాలు, పక్కన మిషన్ల చప్పుడు.

"నీళ్లు లేవు గద?" సత్తమ్మ మొదట అదే అడిగింది.

తర్వాత తనే చెప్పింది. ఇక్కడికొచ్చే వాళ్లు రోజంతా కొలిచి కొలిచి గుక్కెడు నీళ్లే తాగాలట. ఇంతకుముందు ఆ గోడకు జలపాతం క్యాలెండర్ ఉండేదట. దాన్ని చూసి చూసి, నోరెండుతుందని ఒకామె ఏడ్చిందట.

పొద్దు గూకేది ఎందుకు వద్దన్నాడో స్తుతి ఇక అడగలేదు.

గోడ కిందున్న ఖాళీ మంచాన్ని పక్కకు జరిపి, ఇద్దరూ కలిసి ఫోటో తగిలించారు.

ఎదురు మంచం మీది పాషా మియా తల కొంచెం పైకెత్తాడు.

"గీ తొవ్వ నాకెరుకే. చిన్నప్పుడు మేకల్ని గిట్లనే కొట్టుకపోయేది," అన్నాడు.

గుట్ట అవతల ఏముంటుందని పక్క మంచం ఆమె అడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. కండ్లు మూసుకుని పడుకున్న వాళ్లు కూడా ఒక్కొక్కరే కండ్లు తెరిచారు. మిషన్ ఆగేదాకా ఎవ్వరూ నోరు విప్పని గది ఇది అంది సత్తమ్మ.

నర్సు వచ్చి చూసి, కింద పిల్లల వార్డుకు కూడా ఒకటి తీసిమ్మని అడిగింది. అక్కడైతే చెరువు ఎంత నిండుగా ఉన్నా ఫికర్ లేదని నవ్వింది.

స్తుతికి ఒళ్లంతా తేలికైంది. ఇక షాపు మూసే మాట ఎత్తననుకుంది.

"అక్కా, సార్‌ను జర పిలుస్తవా? ఒకసారి చూసుకుంటడు. ఆఫీసుల ఉన్నడా?"

సత్తమ్మ ఖాళీ మంచం దగ్గరికి పోయింది.

"ఏ ఆఫీసు బిడ్డా? ఆయన పోయిన ఐతారం నాడే కాలం జేసిండు," అంటూ దాన్ని మళ్లీ ఫోటో కిందికి జరిపి, గోడకు ఆనించింది. "నాలుగేండ్ల సంది దీని మీదనే పండేది."

ఆ గదిలో ఏ మంచం మీద పడుకున్నా ఆ తొవ్వ కనబడుతుంది, ఆ ఒక్క మంచం మీద తప్ప.