నాలుగో గొంతు

"బాబూ, నీ పెట్టెలో ఒక గొంతు తక్కువైంది."

మెకానిక్ తలెత్తాడు. కొట్టు గుమ్మంలో ఒక పెద్దావిడ, చేతిలో ప్రయాణం సంచీ. లోపల నాన్న రికార్డు తిరుగుతోంది. నాన్న కట్టిన స్పీకర్ పెట్టెలోంచి పాట వస్తోంది.

"ముగ్గురు పాడారమ్మా. ముగ్గురూ వినపడుతున్నారు కదా."

"నలుగురు."

"కవర్ మీద ముగ్గురి బొమ్మలే ఉన్నాయి మరి." అట్ట ఎత్తి చూపించాడు.

"బొమ్మ తీసేనాటికి నాలుగో మనిషి లేదులే."

బేరాల్లేని పూట మంచి కాలక్షేపమే దొరికిందనుకున్నాడు మెకానిక్.

"అయితే ఆ గొంతేదో మీరే వినిపించండి."

ఆవిడ సంచీ కింద పెట్టింది. మూడో చరణం రాగానే సన్నగా అందుకుంది. పైకి వెళ్లిన గొంతు చివర్లో ఊపిరి చాలనట్టు చిన్నగా విరిగింది.

మెకానిక్‌కి నవ్వొచ్చింది. పెద్దావిడ కదా అని మింగేశాడు.

"బాగుందమ్మా. కానీ రికార్డులో అది లేదు. చిన్నప్పట్నించీ వింటున్నాను."

"మీ నాన్నగారు ఉన్నారా?"

"పోయినేడాది పోయారు."

ఆవిడ కాసేపు పెట్టెనే చూసింది. "మీ అమ్మ?"

"నేను పాలు తాగే వయసులోనే పోయిందట."

"ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు, నాన్నే."

సంచీ అందుకుంది.

"బస్సుకి టైమైంది. ఆ పెట్టె ఒకసారి విప్పి చూడు బాబూ. నీకు తెలిసిన పనేగా."

"అలాగేలెండి. మళ్లీ రండి."

"ఇక రాలేనేమో."

మనిషి వెళ్లిపోయింది. మాట మాత్రం కొట్లోనే ఉండిపోయింది. మెకానిక్ చేతిలో పని సాగలేదు.

నిజానికి ఆ పెట్టెలో ఒక తిరకాసు ఉంది. అది ఎనిమిది ఓమ్‌ల పెట్టె, అంటే ఎనిమిది అని రాసిన స్క్రూకే బిగించాలి. నాన్న దాని తీగని ఆంప్లిఫయర్ వెనక పదహారు అని రాసిన స్క్రూకి బిగించాడు. ఇదే తప్పు ఇంకొకరు చేస్తే మెకానిక్ చీవాట్లు పెట్టేవాడు. పెట్టె ఓమ్‌లూ స్క్రూ అంకే జత కుదరకపోతే పాట ఒకచోట ఉబ్బుతుంది, ఒకచోట గుంట పడుతుంది. కానీ నాన్న పోయే ముందు కూడా "ఆ తీగ ముట్టుకోకురా" అన్నాడు. రోజూ సాయంత్రం ఆ పాట పెట్టుకుని, మూడో చరణం రాగానే కళ్లు మూసుకునేవాడు.

మెకానిక్ తీగని ఎనిమిదికి మార్చి, పాట మొదట్నించీ పెట్టాడు. మూడో చరణంలో, పక్కగదిలో ఎవరో ఉన్నట్టు, ఏదో కదిలింది.

పెట్టె వెనక చెక్క విప్పాడు. బరువు గొంతుల్ని పెద్ద స్పీకర్‌కీ, సన్న గొంతుల్ని చిన్నదానికీ పంచేది క్రాసోవర్. దాని దగ్గర చిన్న స్పీకర్ తీగలు తారుమారుగా ఉన్నాయి. రెండు స్పీకర్లూ కలిసే చోట ఒకటి ముందుకి తోస్తుంటే ఒకటి వెనక్కి లాగుతోంది. ఆ మధ్యన పడ్డ గొంతు మాయమైపోతోంది.

పొరపాటు అనుకుందామంటే అది నాన్న సోల్డరింగ్. ఆయన తీగలు తారుమారు చేసి ఎరగడు. ఇది కావాలని తవ్విన గుంట.

తీగలు సరిచేసి, రికార్డు మళ్లీ పెట్టాడు.

నాలుగో గొంతు లేచింది. వయసులో ఉన్న గొంతు. పైకి వెళ్లి, చివర్లో ఊపిరి చాలనట్టు చిన్నగా విరిగింది.

మెకానిక్ చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. చివర బస్టాపులో ఎవరూ లేరు.

నాన్న ఇంత శ్రమపడి తన చెవిన పడకుండా దాచిన మనిషి ఎవరై ఉంటుంది? ఎవరు చెప్పారు అని ఆవిడ ఎందుకడిగింది?

వెనక కొట్లోంచి పాట వినిపిస్తూనే ఉంది. బుద్ధెరిగాక అతను తల్లి గొంతు వినడం, ఆ పూటకది రెండోసారి.