చెప్పుల దగ్గర కూర్చున్న మనిషి

"నీది ఏ సంఘం?"

రొట్టె పళ్లెం పట్టుకుని దేవదాసు అడిగాడు.

పందొమ్మిది వందల డెబ్బై ఆరో సంవత్సరం. అరబ్బుల దేశంలో రూవి అనే ఊళ్లో, డ్యూటీ లేని శుక్రవారాల్లో తెలుగు క్రైస్తవులు ప్రార్థనకు కూడే రూమ్ అది. సభ్యుల పుస్తకం రాసేదీ, రొట్టె పంచేదీ దేవదాసే.

గుమ్మం బయట చెప్పుల దగ్గర కూర్చున్న ఇస్తారి లేచి నిలబడ్డాడు.

"ఏ సంఘం లేదయ్యా. మీతోని ఒక మాట..."

"బాప్తిస్మం కాగితం ఉన్నదా?"

"లేదు."

"ముందు కాగితం తే. మాట తర్వాత."

పళ్లెం అతన్ని దాటిపోయింది. ఆ తర్వాత ఎన్ని శుక్రవారాలు వచ్చినా ఇస్తారి రొట్టె అడగలేదు, ఆ మాటా ఎత్తలేదు.

నీళ్లలో ముంచిన బాప్తిస్మం వాళ్లు ఆ రూమ్‌లో ఒక గోడవైపు, చిలకరించిన వాళ్లు ఇంకో గోడవైపు కూర్చుంటారు. దేవుడు ఏ గోడవైపో ఎవరూ అడగలేదు.

దేవదాసు తమ్ముడు యాకోబు నిరుడు సైట్‌లో పడి చనిపోయాడు. అప్పుడు దేవదాసు సెలవు మీద ఊళ్లో ఉన్నాడు. మమ్మల్ని విడిచిపోయాడని ఒక సంఘం, ఇంకా మాలో చేరలేదని ఇంకో సంఘం, పూడ్చడం మా వంతు కాదంటూ శవం దగ్గరే తగువు పడ్డాయి. దేవదాసు తిరిగొచ్చేసరికి, పడవెక్కి పోవాల్సిన క్రైస్తవుల సమాధుల తోటలో సమాధి మాత్రం ఉంది. పెద్దలు తలలు దించుకున్నారు తప్ప, ఎవరు పూడ్చారో చెప్పలేదు.

"ఆ మహానుభావుడు కనపడితే కాళ్లు కడుగుతా" అని దేవదాసు ప్రతి ప్రార్థనలో ఏడ్చేవాడు.

ఆ ఎండాకాలంలో ఇస్తారి సైట్‌లోనే కూలిపోయి ప్రాణం విడిచాడు. అతనితో ఒకే రూమ్‌లో ఉండే పోచన్న దేవదాసు దగ్గరికి ఉరుకుతూ వచ్చాడు.

"సార్, పడవెక్కి పోతరు సూడు, ఆ సమాధుల తోటల పెట్టుమని ఎప్పుడు చెప్తుండె. ఆడ ఒక పోరగాని పక్కన. మా మనిషే అని మీరు ఒక్క మాట చెప్పుండ్రి."

"పుస్తకంల పేరు లేదు. మా మనిషని ఎట్ల చెప్పాలె?"

పోచన్న వెళ్లిపోయాడు. సాయంత్రం కంపెనీలోని తనవాళ్లను పిలుచుకుని, కట్టెలు పేర్చి ఇస్తారిని కాల్చాడు.

మరుసటి శుక్రవారం చెప్పుల దగ్గర ఒక పార తెచ్చి పెట్టాడు.

"ఇస్తారిది సార్. మీ పనికే వాడిండు, మీ కాడనే ఉండనియ్యుండ్రి."

"మా పనా? ఏం పని?"

"నిరుడు మీ సంఘపోళ్లు కొట్లాడుకుంట కూసుంటే, యాకోబు అనే పోరగాని పీనుగను ఒక్కడే పడవల తీస్కపోయి, రాళ్లల్ల గుంత తవ్వి, మీ పాట పాడి పెట్టి వచ్చిండు సార్."