పేరు లేని తెర

అది మార్చి పదకొండో తేదీ. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ముందు రోజు రొట్టె, ఉడికించిన గుడ్లు. మెకానిక్ తన గుడ్డు సగం కొరికి, మిగతా సగం సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి మరిచిపోయాడు.

ముందు గదే అతని దుకాణం. వెనక గదిలో అతని భార్య దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడదు.

పొద్దున ఆమె ఆక్సిజన్ మెషిన్ బల్ల మీంచి పడింది. మోటారుకు ఏమీ కాలేదు, తెర పగిలింది. తెర నుంచి జవాబు రానిదే ఆ మెషిన్ మొదలవదు. మూడుసార్లు కూత పెట్టి ఊరుకుంటుంది.

దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే మంచాలు ఖాళీ లేవన్నారు. పక్కింటివాళ్లు ఎక్కడో అడిగి, మోసుకొచ్చి ఇచ్చిన చిన్న సిలిండర్ ఒక్కటే ఆధారం. దాని ముల్లు కిందికి జారుతోంది.

పాత సామాన్లలో సరిగ్గా అదే కొలతల తెర ఒకటి దొరికింది. దాని మీద పేరు లేదు, నంబరు లేదు. తగిలిస్తే తెల్లగా వెలుగుతోంది గానీ అక్షరం రావడం లేదు.

"వెలిగిందిగా బావా!" అన్నాడు, సాయానికొచ్చిన బావమరిది.

"వెలిగితే సరిపోదురా. దీన్ని నిద్ర లేపే మాట ఒకటుంటుంది, సిగ్నల్‌లాంటిది. కరెంటు రాగానే అది చెప్పాలి. అదేంటో ఎక్కడా రాసి లేదు."

"తోచిందల్లా చెప్పి చూడు."

"పొద్దుట్నుంచీ అదే పని." మెకానిక్ తెర మీదికి వంగాడు. "లే తల్లీ. ఒక్క అక్షరం. ఒక్కటంటే ఒక్కటి."

తెర తెల్లమొహం వేసుకునే ఉంది.

లోపల దగ్గు మొదలైంది. అది ఆగేదాకా ఇద్దరూ కదల్లేదు.

అప్పుడే ఒక పెద్దమనిషి గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో పుస్తకమంత పెట్టె. ఛార్జర్ పెట్టేచోటు విరిగిపోయిందని వేలితో చూపించాడు.

"ఇవాళ కుదరదండీ, వెళ్లండి..." అంటూనే మెకానిక్ ఆ పెట్టె వంక చూశాడు.

అదే తెర. అదే అంచు, మూలన అవే నాలుగు చుక్కలు.

లేచి రెండు చేతులా పట్టుకున్నాడు.

"సార్, ఛార్జింగుంటే ఇది బాగా పనిచేసేదేనా?"

ఆయన తల ఊపాడు.

"సాయంత్రం దాకా నాకివ్వండి సార్. విప్పాలి. ఇది లేచేటప్పుడు తన స్క్రీన్‌కి ఏం చెబుతుందో వైర్లు పెట్టి వినాలి. పాడైపోతే పోవచ్చు, అబద్ధం చెప్పను. లోపల మా ఆవిడ..."

తలతో వెనక గది వైపు చూపించాడు.

పెద్దమనిషి కర్టెన్ సందులోంచి వెనక గదిలోకి చూశాడు. పెట్టె మీద అరచేయి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత మెకానిక్ చేతుల్లోకి వదిలేశాడు.

"మీ పేరు సార్? ఫోన్ నంబరు?" బావమరిది అడిగాడు.

ఆయన చిన్నగా నవ్వి, మళ్లీ వస్తానన్నట్టు చెయ్యి తిప్పి వెళ్లిపోయాడు.

"చూశావా బావా, ఎంత టెక్కో! నోరు విప్పితే అరిగిపోతుందా?"

"అడగ్గానే ఇచ్చాడు కదరా. టెక్కయితే నాకేంటి?"

లోపల్నుంచి మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "ఏవండీ... ఆయనకి... మంచినీళ్లయినా... ఇచ్చారా?"

ఇవ్వలేదు.

మెకానిక్ పెట్టె విప్పాడు. అడ్డొస్తున్న స్పీకర్ తీగ ఊడదీశాడు. తెర వెనక పిన్నుల మీద వెంట్రుకంత తీగలు అతికించి, వాటి రెండో కొసలు బల్ల మీది కంప్యూటర్‌కి కలిపాడు. ఒకటి తెగింది. మళ్లీ అతికించి, బయటి నుంచి కరెంటు ఇచ్చాడు.

పెట్టె లేచింది. ఆ తెర మీద ఏం కనబడుతోందో అతను చూడలేదు. అతని కళ్లు కంప్యూటర్లో లేస్తూ పడుతున్న గీతల మీదే ఉన్నాయి.

"ఇదిగోరా, మొదటి మాట ఇది! ఇది చెప్పి కాసేపు ఆగాలి, అప్పుడు రెండోది. నేను ఆగకుండా వాగేస్తున్నాను."

"బావా, అక్క పెదాలు నీలంగా అవుతున్నాయి."

"ముల్లెక్కడుంది?"

"ఎర్ర గీత కింద."

మెకానిక్ మళ్లీ బల్ల మీదికి వంగాడు.

ఆ రెండు మాటలూ, మధ్యలో ఆ ఆగడమూ ఒక చిన్న చిప్‌లోకి ఎక్కించి, మెషిన్‌కీ పేరు లేని తెరకీ మధ్య తగిలించాడు. మీట నొక్కాడు.

మెషిన్ ఒక కూత పెట్టింది. ఇంకొకటి పెట్టింది.

మూడోది రాలేదు. తెర మీద అంకెలు వచ్చాయి. మోటారు తిరిగింది.

బావమరిది గొట్టం తెచ్చి అక్క ముక్కుకి పెట్టి, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు.

చీకటి పడేసరికి ఆమె నిద్రపోయింది.

మెకానిక్ పెట్టెను ముందుకు లాక్కున్నాడు. విరిగినచోట కొత్తది వేశాడు. తన తీగలన్నీ ఊడదీసి, తెర మెత్తని గుడ్డతో తుడిచాడు. స్పీకర్ తీగ ఒక్కటే మిగిలింది.

ఎవరో వీధి తలుపు తట్టారు.

"ఎవరూ?" బావమరిది గొంతు తగ్గించి అడిగాడు.

జవాబు లేదు. మళ్లీ తట్టారు.

"పెట్టె కోసం వచ్చారా సార్?"

మాట లేదు. ఇంకోసారి, మెల్లగా తట్టారు.

"వీధి పిల్లలు బావా, రోజూ వీళ్లకిదే ఆట. ఆయనే అయితే ఆమాత్రం 'ఊఁ' అనడూ? అక్క లేస్తుంది."

తీగ అతుకుతున్న మెకానిక్ తల ఎత్తలేదు. బావమరిది వెళ్లి, చప్పుడు కాకుండా గడియ వేశాడు.

అవతల అడుగులు కాసేపు తచ్చాడి, దూరమయ్యాయి.

మెకానిక్ పెట్టె బిగించి, అంతా బాగుందో లేదో చూద్దామని అన్నిటికన్నా అరిగిపోయిన మీట నొక్కాడు.

"నమస్కారమండీ, ఆపరేషన్‌లో నా గొంతు పోయింది, నా బదులు ఈ పెట్టే మాట్లాడుతుంది, దయచేసి కాస్త ఓపిక పట్టండి" అంది పెట్టె, నెమ్మదైన మగ గొంతుతో.