పోలీసు గుర్రం

తాడు కట్టింది ఉప్పలయ్యే.

తార్నాక నుంచి క్యాంపస్‌లోకి వచ్చే దారిలో, మలుపు దగ్గర, రెండు వేపచెట్లకు మోకాలెత్తున బిగించి కట్టాడు.

గుర్రపు పోలీసులు లాఠీలెత్తి దౌడు తీస్తూ వచ్చారు. ముందున్న గుర్రం కాళ్లకు తాడు తగిలి బోర్లా పడింది. ఎముక విరిగిన చప్పుడు చెట్టు వెనకున్న ఉప్పలయ్యకు వినిపించింది.

మీదున్న పోలీసు ఎగిరి అవతల పడ్డాడు. చెట్ల వెనకున్న విద్యార్థుల రాళ్లవాన మొదలయ్యేసరికి కుంటుకుంటూ పారిపోయాడు. మిగతా గుర్రాలు తార్నాక వైపు తిరిగిపోయాయి.

పడ్డది మాత్రం లేవలేదు. ముందుకాలి ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. లేవబోతుంది, పడుతుంది, మూలుగుతుంది.

ప్రత్యేక తెలంగాణ కోసం అందరూ రోడ్ల మీదున్న అరవైతొమ్మిది ఎండాకాలమది. ముందురోజే క్యాంపస్‌లో కాల్పులు జరిగాయి. రాజన్న అనే బీఎస్సీ కుర్రాడు చనిపోయాడు. ఉప్పలయ్య అతనితో ఎన్నడూ మాట్లాడి ఎరగడు. కానీ పొద్దుట్నుంచి గొంతు పోయేలా అరుస్తున్నది ఆ పేరే.

"రాజన్న పానానికి దీని పానమన్న పోవాలె," అన్నాడు ఉప్పలయ్య.

మొదటి రాయి గుర్రం పొట్టకు తగిలింది. రెండోది కన్ను చితక్కొట్టింది.

అప్పుడొచ్చాడు ఆ ముసలాయన, మాణికేశ్వర్ నగర్ వైపు నుంచి. మోకాళ్ల దాకా ధోతి, భుజాన తువ్వాల. రాళ్ల మధ్యలోంచే నడుచుకుంటూ వచ్చి గుర్రం ముందు నిలబడ్డాడు.

"ఆగుండ్రి బిడ్డా."

"ఎవరు నువ్వు? పోలీసోళ్ల గుర్రాలు కాసెటోనివా?" అన్నాడు ఉప్పలయ్య.

"కాదు. ఊర్ల జట్కా తోల్త."

ఆయన కూలబడి గుర్రం మూతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కాళ్లు కొట్టుకుంటున్న గుర్రం కాస్త నెమ్మదించింది.

"జర నీళ్లు తెచ్చియ్యుండ్రి. దీని పానం పోతున్నది."

"పోనీ."

"పోయేటప్పుడు గొంతు ఎండద్దు."

ఉప్పలయ్యకు ఒళ్లు మండింది.

"నిన్న మా రాజన్నకు ఎవరు పోసిండ్రు నీళ్లు? తూటా తగిలి రోడ్డు మీద గిలగిల కొట్టుకున్నడు. ఒక్కడు దగ్గరికి పోలే."

ముసలాయన తలెత్తాడు.

"ఎవరూ పోలేదా బిడ్డా?"

"తుపాకులు మా దిక్కే పెట్టిండ్రు. ఎట్ల పోతం?"

"నీళ్లు అడిగిండా?"

"అడిగిండు."

ఆయన చెయ్యి గుర్రం మెడను ఆగకుండా నిమురుతూనే ఉంది.

ఉప్పలయ్య పక్కన డేవిడ్ ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే హాస్టల్ గది. డేవిడ్ తండ్రి లాలాపేట్‌లో చర్చి పాస్టరు. అతని మెడలోని సిలువను చూసి ముసలాయన అడిగాడు.

"సదువుకున్నోనివి గద బిడ్డా. సచ్చినంక గుర్రం ఎటు పోతది? దానికి ఆత్మ ఉంటదా?"

"మనిషికే ఆత్మ. జంతువు మన్నుల కలుస్తది. మా నాయిన గట్లనే చెప్తడు," అన్నాడు డేవిడ్. గొంతులో గట్టిదనం లేదు.

"గంతే కావచ్చు. నాకు తెల్వదు. కని, ఉంటే మాత్రం, ఎవరూ పక్కన లేకుంట పోవుడంటే ఎంత బుగులు పడ్తదో."

డేవిడ్ చేతిలోని రాయి వదిలేశాడు. ముసలాయన తువ్వాల అందుకుని హాస్టల్ నల్లా దగ్గరికి పరుగెత్తాడు. తడిపి తెచ్చి ఇచ్చాడు. ముసలాయన దాన్ని గుర్రం నోట్లోకి పిండాడు. నురగతో, నెత్తురుతో కలిసి నీళ్లు సగం బయటికే కారిపోయాయి. సగం లోపలికి పోయాయి.

ఆ గుటక చూసి ఉప్పలయ్యకు పూనకం వచ్చినట్టయింది. తలకాయంత రాయి రెండు చేతులతో ఎత్తాడు.

"జరుగు తాతా. నిన్ను గాదు, దాన్ని."

"జరగ."

"జరుగు."

ఆయన గుర్రం తలను ఛాతీతో కప్పేశాడు. ఉప్పలయ్య విసిరేశాడు.

రాయి ఆయన చెవి పైన తగిలింది. ఆయన అరవలేదు. నుదురు గుర్రం నుదుటికి ఆనించి అలాగే ఉన్నాడు. ఆయన నెత్తురు గుర్రం జూలులోకి కారుతోంది. పెదవులు కదులుతున్నాయి. దానితో ఏం చెబుతున్నాడో ఎవరికీ వినపడలేదు.

గుర్రం పొట్ట ఒకసారి పైకి లేచింది. మళ్లీ లేవలేదు.

అప్పుడు జారింది ఆయన చెయ్యి.

రిక్షాలో ఆయన తల ఉప్పలయ్య ఒళ్లో ఉంది. ప్యాంటు తడిసిపోయింది.

"తాతా, నీ పేరేంది? ఏ ఊరు?"

పెద్దాసుపత్రి మెట్లెక్కేలోపే ఊపిరి ఆగిపోయింది.

"పేరు? ఎవరి మనిషి?" అడిగాడు కాంపౌండరు.

"తెల్వదు."

"ఎవరు కొట్టిండ్రు?"

డేవిడ్ ఉప్పలయ్య వైపు చూశాడు. ఉప్పలయ్య స్ట్రెచర్‌ను శవాల గది వైపు తోశాడు.

శవాల గది ముందు నేల మీద ఒకామె కూర్చుని ఉంది. స్ట్రెచర్ మీద ముఖం చూసి మెల్లగా లేచి వచ్చింది. కొంగుతో ఆయన ముఖం తుడిచింది. ఎంత తుడిచినా నెత్తురు పోవడం లేదు.

"నువ్వు తోలుకొచ్చినవా బిడ్డా?" అని ఉప్పలయ్యను అడిగింది.

అతను తల దించుకున్నాడు.

"మా రాజన్న శవం ఇంకా ఇయ్యలేదని, కొడుకు పడ్డ జాగనన్న చూసొస్తనని పొద్దుగాల యూనివర్సిటీకి పోయిండు," అన్నదామె.